న్యాయస్థాన ఉద్యోగుల క్రమశిక్షణా బాధ్యత

న్యాయస్థాన ఉద్యోగుల క్రమశిక్షణా బాధ్యత అనగా కోర్టులలో పనిచేసే గుమాస్తాలు, నాజర్లు, అమీనులు, ప్రాసెస్ సర్వర్లు, స్టెనోగ్రాఫర్లు మొదలైన సిబ్బంది విధి నిర్వహణలో తప్పు చేసినపుడు పరిపాలనాపరంగా వహించవలసిన జవాబుదారీతనం. ఇది నేర బాధ్యత, సివిల్ బాధ్యతల కంటే భిన్నమైనది. ఒకే తప్పు క్రిమినల్ కేసుకు, నష్టపరిహారపు దావాకు, శాఖాపరమైన విచారణకు కూడా దారితీయవచ్చు. వీటిలో మూడవది మాత్రమే ఉద్యోగికి, అతనిని నియమించిన అధికారికి మధ్య జరిగేది.

భారతదేశంలో కోర్టు సిబ్బందిపై క్రమశిక్షణాధికారం ప్రభుత్వ శాఖలకు గాక న్యాయవ్యవస్థకే అప్పగించబడింది. న్యాయవ్యవస్థ స్వతంత్రత దీనికి కారణం. కోర్టు గుమాస్తా ఉద్యోగం ప్రభుత్వాధికారి చేతిలో ఉన్నట్లయితే, ప్రభుత్వమే కక్షిదారుగా ఉన్న కేసులలో ఆ గుమాస్తా వద్ద ఉన్న రికార్డుకు భద్రత ఉండదు. అయితే తన ఉద్యోగిపై చర్య తీసుకునేటపుడు న్యాయస్థానం తీర్పరిగా గాక యజమానిగా వ్యవహరిస్తుంది. అప్పుడు అది జారీ చేసే ఉత్తర్వు తీర్పు కాదు, పరిపాలనా ఉత్తర్వు. కనుక దానిని కూడా మరొక చోట సవాలు చేయవచ్చు. ఈ అంశానికి సంబంధించిన నియమాలు, తీర్పులు చాలావరకు ఈ భేదం పైననే ఆధారపడి ఉన్నాయి.

కోర్టు సిబ్బంది

న్యాయమూర్తులు, మేజిస్ట్రేట్లు న్యాయాధికారులు. వీరికి క్రమశిక్షణ నియమాలు వేరుగా ఉన్నాయి. ఈ వ్యాసం న్యాయాధికారం లేని సిబ్బందికి సంబంధించినది. జిల్లా కోర్టులలో సాధారణంగా ఈ క్రింది ఉద్యోగులు ఉంటారు.

1. శిరస్తదారు లేదా సూపరింటెండెంటు: కార్యాలయ పర్యవేక్షణ, దాఖలైన దావాల పరిశీలన.
2. బెంచి గుమాస్తా: కేసుల పిలుపు, వాయిదాల నమోదు, సాక్ష్య పత్రాలకు గుర్తులు వేయడం.
3. నాజరు: డబ్బు, డిపాజిట్లు, జప్తు సొత్తు, సమన్ల పంపకం.
4. అమీను: డిక్రీల అమలు, ఆస్తి జప్తు, స్వాధీనం అప్పగింత.
5. ప్రాసెస్ సర్వరు: సమన్లు, నోటీసుల అందజేత.
6. స్టెనోగ్రాఫరు, టైపిస్టు, కాపీయిస్టు: తీర్పులు, ఉత్తర్వులు, నకళ్ళ తయారీ.
7. రికార్డు గది ఉద్యోగులు, డఫేదార్లు, అటెండర్లు.

శిరస్తదారు, నాజరు, అమీను వంటి పేర్లు పారశీక, అరబిక్ మూలాల నుండి ముస్లిం పాలనా కాలంలో వచ్చి, ఆంగ్లేయుల కోర్టులలోను కొనసాగాయి. హైకోర్టు, సుప్రీం కోర్టులలో రిజిస్ట్రారు మొదలు అటెండరు వరకు ప్రత్యేకమైన సిబ్బంది వ్యవస్థ ఉంది.

చారిత్రక నేపథ్యం

ఈస్టిండియా కంపెనీ పాలనలో ఉద్యోగుల దుష్ప్రవర్తనపై బహిరంగ విచారణ జరిపేందుకు 1850లో ప్రభుత్వోద్యోగుల విచారణల చట్టం వచ్చింది. అదే సంవత్సరంలో న్యాయాధికారుల రక్షణ చట్టం కూడా వచ్చింది. మొదటిది తప్పు చేసిన ఉద్యోగిని విచారించడానికి, రెండవది సక్రమంగా విధి నిర్వహించిన వారిని దావాల నుండి కాపాడడానికి ఉద్దేశించినవి. 1862లో మద్రాసు, కలకత్తా, బొంబాయి హైకోర్టులు ఏర్పడ్డాయి. వీటి అధికార పత్రాలు గుమాస్తాలను, ఇతర ఉద్యోగులను నియమించే అధికారాన్ని ప్రధాన న్యాయమూర్తికి ఇచ్చాయి. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ఈ ఏర్పాటును కొనసాగించగా, 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం దానిని మరింత స్పష్టపరచింది.

తెలుగు ప్రాంతాలలో ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు 1954 జూలై 5న గుంటూరులో ఏర్పడింది. 1956 నవంబరులో ఆంధ్ర ప్రదేశ్ అవతరణతో అది హైదరాబాదుకు మారింది. పూర్వపు హైదరాబాదు హైకోర్టు సిబ్బంది కూడా ఇందులో కలిశారు. 2014 జూన్ 2 నుండి ఇది రెండు రాష్ట్రాలకు ఉమ్మడి హైకోర్టుగా పనిచేసింది. 2019 జనవరి 1న ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు హైకోర్టులు ఏర్పడి, సిబ్బందిపై అధికారం కూడా విడిపోయింది.

రాజ్యాంగ నిబంధనలు

146వ అధికరణం ప్రకారం సుప్రీం కోర్టు ఉద్యోగులను భారత ప్రధాన న్యాయమూర్తి గాని, ఆయన ఆదేశించిన న్యాయమూర్తి లేదా అధికారి గాని నియమిస్తారు. 229వ అధికరణం హైకోర్టు ఉద్యోగుల విషయంలో ఇదే అధికారాన్ని ఆ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఇస్తున్నది. వారి సేవా నిబంధనలను కూడా ప్రధాన న్యాయమూర్తే రూపొందిస్తారు. జీతాలు, భత్యాలు, సెలవు, పెన్షన్లకు సంబంధించిన నిబంధనలకు మాత్రం హైకోర్టుల విషయంలో గవర్నరు ఆమోదం, సుప్రీం కోర్టు విషయంలో రాష్ట్రపతి ఆమోదం అవసరం.

జిల్లా కోర్టులు, వాటి క్రింది కోర్టులపై నియంత్రణను 235వ అధికరణం హైకోర్టుకు అప్పగించింది. 227వ అధికరణం క్రింది కోర్టుల పుస్తకాలు, నమోదులు, లెక్కలు ఏ నమూనాలో ఉండాలో నిర్దేశించే అధికారాన్ని హైకోర్టుకు ఇస్తున్నది. జిల్లా కోర్టులలో గుమాస్తా స్థాయి సిబ్బందికి నియామకాధికారి సాధారణంగా ప్రధాన జిల్లా న్యాయమూర్తి.

ఉద్యోగికి ఉన్న ప్రధాన రక్షణ 311వ అధికరణం. దీని ప్రకారం నియమించిన అధికారి కంటే తక్కువ స్థాయి అధికారి ఉద్యోగిని బర్తరఫు చేయరాదు, తొలగించరాదు. అభియోగాలు తెలియజేసి, తన వాదన వినిపించుకునేందుకు తగిన అవకాశమిచ్చి విచారణ జరపకుండా బర్తరఫు, తొలగింపు, హోదా తగ్గింపు శిక్షలు విధించరాదు. దీనికి మూడు మినహాయింపులు ఉన్నాయి. ఉద్యోగికి క్రిమినల్ కేసులో శిక్ష పడినపుడు, విచారణ జరపడం ఆచరణ సాధ్యం కాదని అధికారి కారణాలను వ్రాతపూర్వకంగా నమోదు చేసినపుడు, దేశ భద్రత దృష్ట్యా విచారణ తగదని రాష్ట్రపతి లేదా గవర్నరు భావించినపుడు విచారణ అవసరం ఉండదు. శిక్ష విధించే ముందు ఆ శిక్షపై మరొకసారి సంజాయిషీ అడగవలసిన అవసరాన్ని 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ తొలగించింది.

న్యాయాధికారం, పరిపాలనాధికారం

ఈ విషయంలో తొలినాటి ముఖ్యమైన తీర్పు ప్రద్యోత్ కుమార్ బోస్ కేసులో వెలువడింది. కలకత్తా హైకోర్టు ఒరిజినల్ విభాగపు రిజిస్ట్రారును ప్రధాన న్యాయమూర్తి బర్తరఫు చేశారు. విచారణను ప్రధాన న్యాయమూర్తి స్వయంగా గాక అదే హైకోర్టులోని మరొక న్యాయమూర్తి జరిపారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించలేదు. 1950వ దశకం మధ్యలో సుప్రీం కోర్టు ఆ బర్తరఫును సమర్థించింది. ఉద్యోగిని నియమించే, తొలగించే అధికారం న్యాయాధికారం కాదని, పరిపాలనాధికారమని పేర్కొన్నది. పరిపాలనాధికారం గనుక విచారణ బాధ్యతను మరొకరికి అప్పగించవచ్చునని, తుది నిర్ణయం తీసుకుంటే చాలునని తేల్చింది. హైకోర్టు ఉద్యోగుల విషయంలో సర్వీస్ కమిషన్‌ను సంప్రదించనవసరం లేదని కూడా తీర్పు చెప్పింది.

దీనికి తరువాయి వంటి వివాదం ఆంధ్ర ప్రదేశ్‌లో తలెత్తింది. 1973 నాటి 32వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371-డి అధికరణం క్రింద రాష్ట్రంలో పరిపాలనా ట్రిబ్యునల్ ఏర్పడింది. ముందస్తుగా పదవీ విరమణ చేయించబడిన ఒక హైకోర్టు ఉద్యోగి, ఒక న్యాయాధికారి ఈ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. ట్రిబ్యునల్‌కు వారి కేసులు వినే అధికారం ఉన్నదా అన్న ప్రశ్న సుప్రీం కోర్టుకు చేరింది. దీక్షితులు కేసుగా ప్రసిద్ధమైన ఈ వివాదంలో 1978లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, హైకోర్టు సిబ్బంది, క్రింది కోర్టుల న్యాయాధికారులు ట్రిబ్యునల్ పరిధిలోకి రారని తీర్పు చెప్పింది. ట్రిబ్యునల్ కార్యనిర్వాహక వర్గపు ఏర్పాటు గనుక, కోర్టు సిబ్బందిని దాని క్రిందికి తేవడం న్యాయవ్యవస్థ స్వతంత్రతకు భంగమని ఈ నిర్ణయపు ఆంతర్యం. తరువాత వచ్చిన 1985 నాటి పరిపాలనా ట్రిబ్యునళ్ల చట్టం కూడా సుప్రీం కోర్టు, హైకోర్టులు, వాటి క్రింది కోర్టుల ఉద్యోగులను తన పరిధి నుండి మినహాయించింది.

ఈ రెండు తీర్పుల ఫలితంగా కోర్టు ఉద్యోగిపై అధికారం ఎవరిదన్న ప్రశ్న తీరింది. కాని, అన్యాయం జరిగిందని భావించే ఉద్యోగికి మిగిలిన దారి కూడా న్యాయస్థానమే అయినది.

దుష్ప్రవర్తన రూపాలు

ఆంధ్ర ప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1964లో వచ్చింది. ప్రతి ఉద్యోగి నిజాయితీతోను, విధి పట్ల శ్రద్ధతోను, క్రమశిక్షణతోను మెలగాలన్నది దీని సారం. బహుమతులు స్వీకరించడం, అనుమతి లేని వ్యాపారం, ఆస్తుల వివరాలు దాచడం, అనుమతి లేకుండా విధులకు గైర్హాజరు కావడం మొదలైనవి ఇతర ప్రభుత్వోద్యోగుల వలెనే కోర్టు ఉద్యోగులకు కూడా తప్పులే. వీటికి తోడు కోర్టు పనికే ప్రత్యేకమైన తప్పులు కొన్ని ఉన్నాయి. బయటికి చిన్నవిగా కనిపించినప్పటికీ వీటి ఫలితం కక్షిదారు హక్కులపై పడుతుంది.

సమన్ల అందజేత: ప్రాసెస్ సర్వరు గ్రామానికి వెళ్ళకుండానే ప్రతివాది ఇంట లేడనో, తీసుకోవడానికి నిరాకరించాడనో వ్రాసినట్లయితే, ఆ ప్రతివాదికి తెలియకుండానే ఏకపక్ష డిక్రీ రావచ్చు. పొలమో ఇల్లో వేలానికి వచ్చిన తరువాత గాని అతనికి సంగతి తెలియదు. దీనిని నివారించడానికే సివిల్ ప్రక్రియా స్మృతి అయిదవ ఆర్డరు, సమన్లు తలుపుకు అంటించి వచ్చినట్లు ప్రాసెస్ సర్వరు నివేదించినపుడు అతని ప్రమాణ పత్రం లేనట్లయితే కోర్టు అతనిని ప్రమాణంపై విచారించాలని నిర్దేశిస్తున్నది. ప్రమాణ పత్రం ఉన్నప్పటికీ విచారించవచ్చు. ఈ విచారణలో అబద్ధం బయటపడితే అది క్రమశిక్షణ చర్యకు ఆధారమవుతుంది.

డిక్రీ అమలు: అమీను డిక్రీ అమలు చేయలేకపోయినపుడు కారణాన్ని వారంటుపై వ్రాయాలి. ఆ కారణంపై కోర్టు అతనిని ప్రశ్నించాలి. కోర్టు వేలంలో ఏదైనా విధి ఉన్న ఉద్యోగి స్వయంగా గాని, మరొకరి పేరు మీద గాని పాట పాడరాదు. ఆస్తి బదలాయింపు చట్టంలోని 136వ సెక్షను కోర్టుకు సంబంధించిన ఉద్యోగులు వ్యాజ్యపు హక్కులను కొనడాన్ని నిషేధిస్తున్నది.

నకళ్ళు: అప్పీలుకు గడువు లెక్కించేటపుడు తీర్పు నకలు పొందడానికి పట్టిన కాలాన్ని 1963 నాటి కాలపరిమితి చట్టం మినహాయిస్తుంది. నకలు వెనుక వేసే తేదీలు, అనగా దరఖాస్తు ఇచ్చిన తేదీ, స్టాంపులు కోరిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, అందజేసిన తేదీ, ఆ లెక్కకు ఆధారం. వీటిలో ఒక్క తేదీ తప్పుగా వేసినా అప్పీలు గడువు దాటినదని కొట్టివేయబడే ప్రమాదం ఉంది. దరఖాస్తుల వరుస తప్పించి, డబ్బు ఇచ్చినవారికి ముందుగా నకలు ఇవ్వడం కూడా దుష్ప్రవర్తనే.

డబ్బు, సొత్తు: కోర్టులో జమ చేసిన నష్టపరిహారం, భరణం, జరిమానా, జప్తు చేసిన నగలు, వాహనాలు నాజరు అధీనంలో ఉంటాయి. వీటిని స్వంతానికి వాడుకొని తరువాత తిరిగి జమచేసినప్పటికీ తాత్కాలిక దుర్వినియోగంగా పరిగణిస్తారు.

రికార్డులు: కేసు కట్టలోని పత్రాన్ని తీసివేయడం, మార్చడం, వెలువడని ఉత్తర్వును ముందుగా బయటపెట్టడం తీవ్రమైన తప్పులు. 2019 జనవరిలో ఒక కోర్టు ధిక్కరణ కేసులో సుప్రీం కోర్టు వెబ్‌సైటులో పెట్టిన ఉత్తర్వు, న్యాయమూర్తులు చెప్పినదానికి పూర్తిగా విరుద్ధంగా ఉన్నట్లు తేలింది. ప్రతివాది స్వయంగా హాజరు కావలసిందేనని ధర్మాసనం చెప్పగా, హాజరు నుండి మినహాయింపు ఇచ్చినట్లు ఉత్తర్వులో ఉంది. ఆ నెల తరువాత ఫిబ్రవరిలో ఇద్దరు అసిస్టెంట్ రిజిస్ట్రార్లను, విచారణ లేకుండా తొలగించే ప్రత్యేకాధికారాన్ని వినియోగించి, భారత ప్రధాన న్యాయమూర్తి బర్తరఫు చేశారు. దీనిపై క్రిమినల్ కేసు కూడా నమోదైంది. ఒక్క మాట లోపించడం వలన ఉత్తర్వు అర్థం ఎంతగా మారగలదో ఈ ఉదంతం తెలుపుతుంది.

లైంగిక వేధింపులు: పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. సుప్రీం కోర్టు తన ఆవరణకు ప్రత్యేక నిబంధనలను అదే సంవత్సరంలో రూపొందించుకున్నది. ఫిర్యాదుల కమిటీ ఇచ్చే నివేదికను క్రమశిక్షణ విచారణ నివేదికగానే పరిగణించాలని 2012లో మేధా కొత్వాల్ లేలే కేసులో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది.

విచారణ పద్ధతి

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో రూపొందిన సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమావళి 1991 నాటిది. భారీ శిక్ష విధించదలచినపుడు అనుసరించవలసిన పద్ధతి ఈ విధంగా ఉంటుంది.

మొదట ఫిర్యాదుపై గాని, తనిఖీలో కనిపించిన లోపంపై గాని ప్రాథమిక విచారణ జరుగుతుంది. హైకోర్టులో ఈ పనికి విజిలెన్స్ రిజిస్ట్రారు ఉంటారు. ప్రాథమిక విచారణ నిజానిజాలను తెలుసుకోవడానికి మాత్రమే ఉద్దేశించినది. దాని ఆధారంగానే శిక్ష విధించరాదు.

ఆరోపణ తీవ్రమైనదైతే ఉద్యోగిని సస్పెండు చేయవచ్చు. 48 గంటలకు మించి పోలీసు కస్టడీలో లేదా జైలులో ఉన్న ఉద్యోగి సస్పెండు అయినట్లే భావించబడతాడు. సస్పెన్షన్ శిక్ష కాదు. ఆ కాలంలో ఉద్యోగికి జీవనాధార భత్యం చెల్లించాలి. అభియోగ పత్రం ఇవ్వకుండా సస్పెన్షన్‌ను మూడు నెలలకు మించి కొనసాగించరాదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీం కోర్టు చెప్పింది.

తరువాత అభియోగ పత్రం జారీ అవుతుంది. ఏ తేదీన ఏ తప్పు చేశాడో అందులో స్పష్టంగా ఉండాలి. దానితో పాటు ఆరోపణల వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా జతచేయాలి. ఉద్యోగి వ్రాతపూర్వక సమాధానం ఇస్తాడు. అభియోగాన్ని అంగీకరించని పక్షంలో విచారణాధికారిని నియమిస్తారు. కోర్టు సిబ్బంది విషయంలో విచారణాధికారి సాధారణంగా ఒక న్యాయాధికారే అవుతాడు. ఉద్యోగి మరొక ఉద్యోగి సహాయం తీసుకోవచ్చు. సాక్షులను అడ్డుప్రశ్నలు వేయవచ్చు, తన సాక్షులను ప్రవేశపెట్టవచ్చు.

విచారణ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇచ్చి, అతని అభిప్రాయం తీసుకున్న తరువాతనే అధికారి తుది నిర్ణయానికి రావాలి. ఈ సూత్రాన్ని 1993లో రాజ్యాంగ ధర్మాసనం స్థిరపరచింది. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, బి.కరుణాకర్‌ల మధ్య నడిచిన కేసు ఇది. నేడు దేశవ్యాప్తంగా క్రమశిక్షణ విచారణలన్నిటికీ ఈ తీర్పే ప్రమాణం.

శిక్షలు

నియమావళి శిక్షలను రెండు తరగతులుగా విభజించింది.

స్వల్ప శిక్షలు:
1. అభిశంసన
2. పదోన్నతి నిలుపుదల
3. ప్రభుత్వానికి కలిగిన నష్టాన్ని జీతం నుండి రాబట్టడం
4. తదుపరి ఇంక్రిమెంట్లపై ప్రభావం లేకుండా ఇంక్రిమెంట్ల నిలుపుదల

భారీ శిక్షలు:
1. తదుపరి ఇంక్రిమెంట్లపై ప్రభావం ఉండేలా ఇంక్రిమెంట్ల నిలుపుదల
2. హోదా లేదా జీతపు స్థాయి తగ్గింపు
3. నిర్బంధ పదవీ విరమణ
4. ఉద్యోగం నుండి తొలగింపు
5. బర్తరఫు

తొలగింపు, బర్తరఫుల మధ్య తేడా ఉంది. తొలగించబడిన వ్యక్తి తిరిగి ప్రభుత్వోద్యోగానికి అర్హుడే. బర్తరఫు అయిన వ్యక్తి సాధారణంగా అనర్హుడవుతాడు. ఉద్యోగి పదవీ విరమణ చేసినంత మాత్రాన బాధ్యత ముగియదు. 1980 నాటి సవరించిన పెన్షన్ నియమావళిలోని 9వ నియమం ప్రకారం తీవ్రమైన తప్పు రుజువైతే పెన్షన్‌ను నిలిపివేయవచ్చు. అయితే విరమణ తరువాత విచారణ ప్రారంభించాలంటే ఆ సంఘటన నాలుగు సంవత్సరాలకు మించి పాతదై ఉండరాదు.

రుజువు ప్రమాణం, క్రిమినల్ కేసులు

క్రిమినల్ కేసులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. క్రమశిక్షణ విచారణలో సంభావ్యత ఎటు మొగ్గుతున్నదో చూస్తే చాలు. ఈ భేదాన్ని స్పష్టపరచిన తీర్పులలో 1963 నాటి శ్రీరామారావు కేసు ముఖ్యమైనది. ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు బర్తరఫును హైకోర్టు రద్దుచేయగా, సుప్రీం కోర్టు ఆ నిర్ణయాన్ని త్రోసిపుచ్చింది. శాఖాపరమైన విచారణపై హైకోర్టు అప్పీలు కోర్టు వలె సాక్ష్యాన్ని తిరిగి తూచరాదని పేర్కొన్నది. అందుచేత క్రిమినల్ కోర్టులో నిర్దోషిగా విడుదలైన ఉద్యోగి తిరిగి ఉద్యోగం పొందుతాడని నిశ్చయంగా చెప్పలేము.

లంచం విషయంలో 1988 నాటి అవినీతి నిరోధక చట్టం వర్తిస్తుంది. 2018 సవరణ తరువాత లంచం తీసుకున్న ఉద్యోగికి మూడు నుండి ఏడు సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఈ చట్టం క్రింద అభియోగం నడపడానికి, ఉద్యోగిని పదవి నుండి తొలగించగల అధికారి అనుమతి కావాలి. కోర్టు ఉద్యోగుల విషయంలో ఆ అధికారి న్యాయవ్యవస్థలోనే ఉంటాడు. కోర్టు రికార్డుల ఫోర్జరీ, ప్రభుత్వోద్యోగి చేసిన నమ్మకద్రోహం పూర్వం భారతీయ శిక్షాస్మృతిలో నేరాలుగా ఉండేవి. 2024 జూలై 1 నుండి వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 337, 316 సెక్షన్లు అమలులో ఉన్నాయి.

సద్భావంతో చేసిన పనికి రక్షణ

అమీను ఒక ఇంటిని స్వాధీనం చేసినపుడు ఆ ఇంటివారికి అతనిపై కోపం కలుగుట సహజం. తరువాత ఆ డిక్రీ అప్పీలులో రద్దు కావచ్చు కూడా. అంతమాత్రాన అమీను తప్పు చేసినట్లు కాదు. కోర్టు ఆజ్ఞను అమలు పరచిన ఉద్యోగిపై, ఆ ఆజ్ఞ జారీ చేసిన న్యాయమూర్తికి పరిధి ఉండి ఉంటే అతను దానిని అమలు చేయవలసినవాడే అయినపుడు, సివిల్ దావా వేయరాదని 1850 నాటి న్యాయాధికారుల రక్షణ చట్టం చెబుతున్నది. క్రమశిక్షణలో కూడా పొరపాటుకు, దుష్ప్రవర్తనకు మధ్య తేడా చూడాలి. పని ఒత్తిడిలో ఒక వాయిదా తేదీ తప్పుగా వ్రాయడం, డబ్బు తీసుకొని వాయిదా మార్చడం ఒకటి కావు. మొదటిది మెమోతో తీరవచ్చు. రెండవది ఉద్యోగానికే ముప్పు తెస్తుంది.

విచారణలో అకారణ జాప్యం కూడా ఉద్యోగికి అన్యాయమే. హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్‌కు సంబంధించిన రాధాకిషన్ కేసులో 1998లో సుప్రీం కోర్టు, వివరణ లేని జాప్యం వలన అభియోగాలు రద్దు కావచ్చునని తెలిపింది.

అప్పీలు, న్యాయ సమీక్ష

జిల్లా న్యాయమూర్తి విధించిన శిక్షపై హైకోర్టుకు పరిపాలనాపరమైన అప్పీలు చేసుకోవచ్చు. హైకోర్టులో రిజిస్ట్రారు స్థాయిలో విధించిన శిక్షపై అప్పీలు ప్రధాన న్యాయమూర్తికి లేదా ఆయన నియమించిన న్యాయమూర్తులకు వెళుతుంది. ఇవి తీరిన తరువాత 226వ అధికరణం క్రింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. ఆ సందర్భంలో హైకోర్టు తన పరిపాలనా విభాగపు ఉత్తర్వును తానే న్యాయవిభాగంలో పరిశీలిస్తుంది. పిటిషన్‌లో ప్రతివాది హైకోర్టే. వినేది కూడా హైకోర్టే. ఆ తరువాత మిగిలినది సుప్రీం కోర్టు మాత్రమే.

న్యాయ సమీక్షలో కోర్టు విచారణ పద్ధతి సక్రమమా, ఏదైనా సాక్ష్యం ఉన్నదా, శిక్ష తప్పుకు తగినదా అన్నవి చూస్తుంది. శిక్ష మనస్సాక్షికి దిగ్భ్రాంతి కలిగించేంత అధికమైనపుడే జోక్యం చేసుకోవాలని 1995లో బి.సి.చతుర్వేది కేసు నిర్ణయించింది.

కక్షిదారులకు ఉన్న మార్గాలు

కోర్టు ఉద్యోగిపై ఫిర్యాదును ఆ కోర్టు న్యాయాధికారికి గాని, ప్రధాన జిల్లా న్యాయమూర్తికి గాని, హైకోర్టు విజిలెన్స్ రిజిస్ట్రారుకు గాని వ్రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. కేసు సంఖ్య, తేదీ, అడిగిన మొత్తం, రసీదు ఇవ్వని విషయం వంటి వివరాలు ఉంటే విచారణ సులభమవుతుంది. లంచం అడిగినపుడు అవినీతి నిరోధక శాఖను ఆశ్రయించవచ్చు. సమన్లు అందకుండానే ఏకపక్ష డిక్రీ వచ్చినట్లయితే, ఉద్యోగిపై ఫిర్యాదు వలన డిక్రీ రద్దు కాదు. డిక్రీ సంగతి తెలిసిన 30 రోజులలోగా సివిల్ ప్రక్రియా స్మృతి తొమ్మిదవ ఆర్డరు, 13వ నియమం క్రింద దరఖాస్తు చేయాలి. ఫిర్యాదు ఉద్యోగిని శిక్షిస్తుంది గాని పోయిన హక్కును తిరిగి ఇవ్వదు. ఈ రెండిటినీ ఒకటిగా భావించి ఫిర్యాదుతో ఊరుకున్నవారికి గడువు దాటిపోతుంది.

సాంకేతిక మార్పులు

2007లో మొదలైన ఈ-కోర్టుల పథకం కోర్టు రికార్డులను కంప్యూటరీకరించింది. ప్రతి కేసుకు 16 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. వాయిదాలు, ఉత్తర్వులు ఇంటి నుండే చూసుకోవచ్చు. దీనివలన వాయిదా తేదీ తెలుసుకోవడానికి గుమాస్తాను ప్రాధేయపడవలసిన అవసరం తగ్గింది. ప్రాసెస్ సర్వర్ల కొరకు రూపొందించిన మొబైల్ విధానం, సమన్లు అందజేసిన ప్రదేశాన్ని, సమయాన్ని నమోదు చేస్తుంది. ఊరికి వెళ్ళకుండా వెళ్ళినట్లు వ్రాయడం దీనితో కష్టమైంది. ఈ-కోర్టుల మూడవ దశకు 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అయితే కంప్యూటరులో ఎక్కించేది కూడా ఉద్యోగే. 2019 నాటి సుప్రీం కోర్టు ఉదంతం కంప్యూటరులో పెట్టిన ఉత్తర్వుకు సంబంధించినదే.

విమర్శలు

ఈ విధానంపై రెండు దిశల నుండి విమర్శ ఉంది. కక్షిదారుల వైపు నుండి వచ్చే విమర్శ గోప్యతకు సంబంధించినది. ఉద్యోగిపై జారీ అయిన మెమోలు, అభిశంసనలు వ్యక్తిగత సమాచారమని 2012లో గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అందువలన విస్తృత ప్రజాప్రయోజనం చూపనిదే, ఫిర్యాదు చేసినవాడు సమాచార హక్కు ద్వారా ఆ వివరాలను పొందలేకపోతున్నాడు.

రెండవది ఉద్యోగుల వైపు నుండి వచ్చేది. సుప్రీం కోర్టులో పనిచేసిన ఒక మహిళా ఉద్యోగి 2018 డిసెంబరులో ఉద్యోగం కోల్పోయారు. 2019 ఏప్రిల్‌లో ఆమె అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తిపై లైంగిక వేధింపుల ఆరోపణలు చేస్తూ న్యాయమూర్తులకు ప్రమాణ పత్రాలు పంపారు. ప్రధాన న్యాయమూర్తి వాటిని ఖండించారు. ముగ్గురు న్యాయమూర్తుల అంతర్గత కమిటీ 2019 మే నెలలో ఆరోపణలలో సారం లేదని తేల్చింది. 2020 జనవరిలో ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆరోపణల నిజానిజాలు ఎట్లున్నప్పటికీ, నియామకాధికారి, శిక్షాధికారి, అప్పీలు అధికారి ఒకే సంస్థకు చెందినపుడు ఉద్యోగికి నిష్పాక్షికత కనిపించే వేదిక ఏది అన్న ప్రశ్న ఈ వివాదంతో ముందుకు వచ్చింది.

కోర్టు సిబ్బందిని కార్యనిర్వాహక వర్గం నుండి వేరుచేసిన కారణం నేటికీ బలమైనదే. అయితే ఆ ఏర్పాటు సార్థకం కావాలంటే, ఇతర శాఖల ఉద్యోగుల విచారణలలో కోర్టులు కోరుతున్న నియమాలను, అనగా స్పష్టమైన అభియోగం, నివేదిక ప్రతి, సకాలంలో నిర్ణయం, తప్పుకు తగిన శిక్ష అనువాటిని, తమ సిబ్బంది విషయంలోను కోర్టులు పాటించవలసి ఉంటుంది. సమన్లు అందక పొలం కోల్పోయే రైతుకు, చేయని తప్పుకు ఉద్యోగం కోల్పోయే గుమాస్తాకు కూడా ఈ విచారణ సక్రమంగా జరగడమే రక్షణ.